పెంక చెయ్యి

ఖోఖో ఆటలో వరుసగా కూర్చున్న పిల్లకు తన వీపు వెనక ఏం జరుగుతుందో కనబడదు. వీపు మీద చెయ్యి పడాలి, 'ఖో' అన్న మాట వినబడాలి, అప్పుడే లేచి పరుగెత్తాలి. మాట వినకముందే లేస్తే ఫౌల్. ఆ ఫౌల్ చేయడంలో సిరొంచ బడిలో జ్యోత్స్నను మించినవాళ్లు లేరు. అదీ అందరితో కాదు, కాజల్ చెయ్యి పడ్డప్పుడే.

"నిన్నెవరన్న సూదితోని పొడిచిండ్రా ఏందే?" అని ఆటల సారు ప్రేమ్‌సాగర్ మైదానం అదిరేలా అరిచేవాడు.

"దాని చెయ్యి పెంక లెక్క కాలుతది సార్! ఎట్ల కూసోవాలె?"

అందరూ నవ్వేవాళ్లు. అందరికన్నా ఎక్కువ కాజలే నవ్వేది. రొట్టెలు కాల్చే పెంక పేరు ఆ పిల్లకు అలా అతుక్కుపోయింది. పేరు పెట్టడానికి ఉన్న తెలివి, ఆ చెయ్యి ఎందుకంత కాలుతోందో ఆలోచించడానికి ఒక్కరికీ లేకపోయింది. పదిహేనేళ్ల వయసు మరి!

కాజల్‌ది అల్లపల్లి వైపు టేకు అడవిలో ఒక చిన్న గోండు పల్లె. ఎనిమిదో తరగతిలో సిరొంచ హాస్టల్‌కు వచ్చి జ్యోత్స్న పక్కన కూర్చుంది. జ్యోత్స్న నోట్లో నువ్వుగింజ నానదు. కాజల్ నోట్లో గుమ్మడికాయ వేసినా బయటికి రాదు. అయినా ఇద్దరికీ ఎలా కుదిరిందో కుదిరింది. ఒకరు మాట్లాడితే ఇంకొకరు వినాలి కదా.

కాజల్‌కు కొన్ని వింత అలవాట్లుండేవి. రెండు లీటర్ల సీసా చంకన పెట్టుకుని తిరిగేది, ఆట మధ్యలో బర్రె తాగినట్టు తాగేది. వరుసలో ఎప్పుడూ చివర, ఖాంబ్ పక్కన చోటు కావాలనేది. మైదానానికి అటూ ఇటూ పాతిన కర్ర స్తంభాలను పిల్లలు ఖాంబ్ అనేవాళ్లు. ఆ ఖాంబ్‌ను ఒక చేత్తో పట్టుకుని, దాని చుట్టూ ఒళ్లంతా విసిరి, ఎదుటి పిల్లను తాకేది. అలాంటి ఒడుపు జిల్లాలో ఇంకెవరికీ లేదని సారు మురిసిపోయేవాడు. నెలకు రెండు మూడు రోజులు మాత్రం ఆటకు వచ్చేది కాదు. హాస్టల్‌లో ముడుచుకుని పడుకునేది. అవి బద్ధకపు రోజులని అందరూ లెక్కేసుకున్నారు.

పదో తరగతిలో జిల్లా పోటీలు అల్లపల్లిలో పెట్టారు. అప్పటికి ఇంటికి పోయి ఉన్న కాజల్‌ను తల్లి లక్ష్మక్క పంపనంది. సారు చెప్పినా వినలేదు. అప్పుడు జ్యోత్స్న బస్సెక్కి, ఆపైన మూడు మైళ్లు నడిచి ఆ ఇంటి ముందు నిలబడింది.

"పెద్దమ్మా, జర పంపు. నేను చూసుకుంట గద. దానికేమన్న అయితే నన్నడుగు."

లక్ష్మక్క బిడ్డ వైపు చూసింది. కాజల్ గోండిలో ఏదో అంది, నాలుగే ముక్కలు. తల్లి ముఖం తిప్పుకుని, "తీస్కపో" అంది.

ఫైనల్లో చివరి నిమిషం. ఎదుటి జట్టులో ఒకే ఒక్క పిల్ల మిగిలింది, కొంగలాగా పొడుగు కాళ్లది. ఆమె అందితే గెలుపు. జ్యోత్స్న తరిమి తరిమి ఊపిరి అందక, ఖాంబ్ పక్కన కూర్చున్న కాజల్ వీపు తట్టి 'ఖో' అంది. కాజల్ లేచింది. నాలుగడుగులు వేసి, ఖాంబ్ పట్టి నేలకు జానెడెత్తున గాలిలోకి పోయింది. వేళ్ల కొనలు ఆ పిల్ల మడమను తాకాయి. అందరూ వెళ్లి కాజల్ మీద పడ్డారు. "జర ఆగుండ్రే, ఎముకలు ఇరుగుతయ్" అని కింద నుంచి నవ్వుతూ అంది. తిరుగు బస్సులో మోకాళ్లు గుండెలకు ఆనించుకుని కళ్లు మూసుకుంటే, అలసిపోయిందిలే అనుకున్నారు.

రెండు నెలలకు చలికాలంలో కాజల్ చనిపోయింది. ఛాతీ పట్టేసిందని జిల్లా ఆసుపత్రికి తీసుకుపోయారు, తిరిగి రాలేదు. పదహారేళ్లు. జ్యోత్స్న ఆ పల్లెకు వెళ్లింది గానీ, లక్ష్మక్కను దూరం నుంచి చూసి, కాలు ముందుకు పడక వెనక్కి వచ్చేసింది. మళ్లీ ఆ దారి తొక్కలేదు.

ఇంటర్ తర్వాత చంద్రపూర్‌లో రక్తపరీక్షల కోర్సు చేస్తుండగా, ఒకనాడు సూక్ష్మదర్శినిలో సికిల్‌సెల్ జబ్బున్నవాళ్ల రక్తం చూపించారు. గుండ్రంగా ఉండాల్సిన కణాలు కొడవళ్లలా వంగి ఒకదానికొకటి చిక్కుకున్నాయి. ఎముకల్లో పొడిచినట్టు నొప్పులొస్తాయని, ఊరికే జ్వరం వస్తుందని, నీళ్లు బాగా తాగాలని, ఊపిరి అందదని మేడమ్ ఒక్కొక్కటే చెబుతుంటే జ్యోత్స్న వీపు మండింది. ఆ అరచెయ్యి! పరుగు వేడి కాదది, జ్వరం. ఖాంబ్ పక్కన చోటు అడిగింది ఒడుపు కోసం కాదు, ఆనుకుని ఊపిరి తీసుకోవడానికి. ఆ ఆనుకోవడంలోంచే జిల్లాలో ఎవరికీ రాని ఒడుపు పుట్టించుకుంది. కాలిలో ముల్లు దిగితే ఊరంతా లేపే తాము ఎవరితో కలిసి ఆడారో అప్పుడు తెలిసింది. ఆ పిల్లకు చేతులెత్తి మొక్కాలనిపించింది. మరుక్షణమే ఇంకొకటి గుండెలో దిగింది. నేను చూసుకుంటనని తీసుకుపోయింది నేనే కదా? ఆ పరుగే చంపిందా?

పద్నాలుగేళ్లు ఆ ప్రశ్న మోసింది. పోయిన నెల, తాను పనిచేసే సిరొంచ ఆసుపత్రి వాళ్లు అడవి పల్లెల్లో సికిల్‌సెల్ రక్తపరీక్షలకు వేసిన జాబితాలో కాజల్ పల్లె పేరు వచ్చింది. ఇంకొకరిని పంపమని అడగబోయి ఆగింది.

ఆ పల్లెలో పిల్లలంతా పరీక్షకు వరుస కట్టారు. చివర్లో మనవరాలి చెయ్యి పట్టుకుని లక్ష్మక్క వచ్చింది. జుట్టు నెరిసింది, నడుము నిటారుగానే ఉంది. జ్యోత్స్నను చూసి ఆగిపోయింది. జ్యోత్స్న సూది పక్కన పెట్టి, ఆమె కాళ్ల దగ్గర మట్టిలో కూర్చుండిపోయింది.

"నేను తీస్కపోకుంటే బతికేదేమో పెద్దమ్మా. ఆ ఆటనే సంపిందేమో."

లక్ష్మక్క మనవరాలి చెయ్యి వదిలింది.

"ఆనాడు అది నాతోని ఏమన్నదో నీకెర్కనా?"

"నాకు గోండి రాదు గద."

"'అవ్వా, కూసున్నా నొస్తది, పండుకున్నా నొస్తది. ఉరికినప్పుడు నొప్పి నా ఎనుక ఉర్కుతది, నన్ను అందుకోదు. నన్ను ఉర్కనియ్' అన్నది." లక్ష్మక్క చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. "అది నీ ఎనుక రాలే బిడ్డా. నిన్నే ఎంబడి తీస్కపోయింది. పోకుంటే బతికేదో లేదో దేవునికెరుక, నాకెరుకలే. గని గెలిచినంక ఇంటికొచ్చి, వారం దినాలు అదే ముచ్చట. దాని నోట్ల నుంచి అన్ని మాటలు నేను అంతకుముందు ఇనలే."

జ్యోత్స్న తల వంచుకుని ఏడ్చింది. ఆ ఏడుపులో బాధ కన్నా విస్మయమే ఎక్కువ. కాజల్ మాట్లాడిందట! వారం రోజులు!

మనవరాలు తన చిటికెన వేలు ముందే చాచి నిలబడింది. సూదంటే భయం లేదు, ఎంతసేపని మాత్రం చిరాగ్గా ఉంది. వెనక వరుసలో పిల్లలు తోసుకుంటున్నారు.

లక్ష్మక్క జ్యోత్స్న వెనకాలకు వచ్చి, వంగి, ఆమె వీపు మీద అరచెయ్యి పెట్టింది. అడవిలో బీడీ ఆకు తెంపి తెంపి గరుకెక్కిన చెయ్యి, చల్లగా ఉంది.

ఆమె ఏదో అనబోయింది. అనకముందే జ్యోత్స్న లేచింది.