ఎదురెదురు మగ్గాల జీపు

ఆ రోజుల్లో వస్తువు చెడితే విప్పేవాళ్ళం. ఇప్పుడు పారేస్తున్నారు. విప్పుదామన్నా స్క్రూ ఎక్కడుందో కనబడకుండా చేస్తున్నారు. మొన్న మా అబ్బాయి కారు బానెట్ ఎత్తి చూస్తే లోపల నల్లటి ప్లాస్టిక్ మూత, దాని మీద తెరవకూడదన్నట్టు ఒక చేతి బొమ్మ. ఇంట్లో ఉన్న బండిని ఇంటివాడు తెరవకూడదట. (నాకు బీపీ ఉందని డాక్టర్ అంటాడు గాని, అది ఆ మూతను చూసినప్పటి నుంచే వచ్చిందంటే నమ్మడు.) నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. తర్వాత నేర్చుకున్నదంతా విప్పి నేర్చుకున్నదే. రేడియో విప్పాను, కుట్టుమిషన్ విప్పాను, పెళ్ళయిన కొత్తలో అత్తగారింటి గోడ గడియారం విప్పాను. తిరిగి బిగించాక ఒకటి రెండు చిన్న ముక్కలు మిగిలిన మాట నిజమే గాని, గడియారం నడిచింది. కాస్త తొందరగా నడిచింది, అంతే. నేను కూడా అప్పట్లో అట్లాగే నడిచేవాణ్ణి.

తొంభైల మొదట్లో నాకింకా ముప్పై నిండలేదు. సూరత్‌లో ఖటోదరా వైపు ఒక కార్ఖానాలో సాంచాలు (అంటే కరెంటు మగ్గాలు, మావాళ్ళంతా తెలంగాణ నుంచి అవి నడపడానికే వెళ్ళారు) బాగుచేసే పని నాది. ఆ పని చేసేవాణ్ణి అక్కడ మాస్టర్ అంటారు. బడి మానేసినవాణ్ణి పొద్దున లేస్తే పదిమంది మాస్టర్ అని పిలుస్తుంటే మనిషి నడకే మారిపోతుంది. చేయి మాత్రం ఊరుకునేది కాదు. మగ్గం చెడితే ఎందుకు చెడిందో చూడాలి, బాగుంటే ఎందుకు బాగుందో చూడాలి. సెలవు రోజైతే కాళ్ళ కింద నిప్పులు పోసినట్టు ఊరంతా తిరిగేవాణ్ణి. అట్లా తిరుగుతూ ఒక ఆదివారం ఇచ్ఛాపూర్ దగ్గర పాత ఇనుము గోదాములో ఆ జీపును చూశాను. మిలటరీ వాళ్ళు ఎప్పుడో వదిలించుకున్న బండి. నాలుగు చక్రాలూ లాగే రకం. సీట్లు లేవు, అద్దం లేదు, బానెట్ కింద పిల్లి ఈని ఉంది. గోదాము యజమాని మోటాభాయి దాన్ని బండిగా అమ్మలేదు, ఇనుముగా తూకం వేసి అమ్మాడు. తూకంలో పిల్లి పిల్లలు కూడా ఉన్నాయని నాకు ఇప్పటికీ అనుమానం.

మాది లింబాయత్‌లో బారుగా కట్టిన ఇళ్ళలో ఒకటి. ముందు చిన్న వాకిలి, ఆ వాకిలిలో జీపు, జీపు పక్కనుంచి పక్కవాటుగా దూరి ఇంట్లోకి పోవాలి. వారం తిరిగేసరికి జీపు వాకిట్లో సగం, ఇంట్లో సగం ఉంది. గేరుబాక్సు మంచం కిందికి చేరింది. నట్లు మామిడికాయ పచ్చడి జాడీలోకి చేరాయి (పచ్చడి అయిపోయిందనే అనుకున్నాను). కార్బురేటర్‌కు దుమ్ము తగలకూడదని దేవుడి అరలో పెడితే మా ఇంటిది దానికి కూడా బొట్టు పెట్టి, దాని ముఖం చూడకుండా దండం పెట్టేది. ఆమె నోరు మంచిదే, కాని ఆమె తండ్రి, అంటే మా మామ, మూడిళ్ళ అవతలే ఉండేవాడు. మా మామ మా నేతవాళ్ళ సమాజంలో పెద్దమనిషి. ఊళ్ళో ఉన్నప్పుడు చేతిమగ్గం మీద నాడె (పడుగులో అటూ ఇటూ నూలు తీసుకుపోయే చెక్క) ఆడించడంలో చేయి తిరిగినవాడు, సూరత్ వచ్చాక కరెంటు మగ్గాల మధ్య పడి దానికి దూరమైనవాడు. ఆయన ప్రతి సాయంత్రం వచ్చి జీపు చుట్టూ ఒకసారి తిరిగి, "ఇంకెన్ని దినాలు అల్లుడా, ఈ శవజాగారం?" అని అడిగి వెళ్ళేవాడు. మోటాభాయి కూడా ఆ దారిన పోతూ ఆగి, ఎప్పుడైనా సరే అదే తూకానికి తీసుకుపోతానని నవ్వేవాడు. అడాజన్‌లో ఉండే మన ఆంధ్రా ఇంజనీరు ఒకాయన వచ్చి చూసిపెడతానన్నాడు. నేనే వద్దన్నాను. పుస్తకం చూసి చెప్పేవాడు నాకెందుకు, నాకు కళ్ళు లేవా?

ఉన్నాయి. ఇంజను ఒప్పించాను, గేర్లు ఒప్పించాను. ఇక మిగిలింది ముందు ఇరుసు. కార్ఖానా ఎరగని వాళ్ళకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. సాంచాలు ఎప్పుడూ జంటగా, ఎదురెదురుగా ఉంటాయి. నేసేవాడు మధ్య సందులో నిలబడి అటొకటి ఇటొకటి చూసుకుంటాడు. ఒకటి కుడిచేతి మగ్గమైతే దాని ఎదుటిది ఎడమచేతి మగ్గం, అచ్చం అద్దంలో బొమ్మ. రెండింటికీ బెల్టు పట్టా తిప్పే చక్రాలు ఒకే గోడ వైపు ఉంటాయి. అట్లాంటి జంటలను వందల కొద్దీ బిగించిన చేయి నాది. ఇప్పుడు జీపు కిందికి దూరి చూస్తే ఏముంది? వెనక ఇరుసు ముందుకు చూస్తోంది, ముందు ఇరుసు వెనక్కు చూస్తోంది. ఎదురెదురు మగ్గాలే. అంటే రెండింటి లోపలి పెద్ద పళ్ళచక్రాలూ ఒకే పక్కన ఉండాలి. విప్పి చూస్తే ముందుదానిలో అది అవతలి పక్కన ఉంది. ఎవడో మిలటరీ మెకానిక్ యుద్ధం తొందరలో తప్పుగా బిగించాడని, అందుకే కాబోలు బండిని అమ్ముకున్నారని పాపం జాలిపడ్డాను. తీసి ఇవతలి పక్కకు మార్చాను. పట్టలేదు. నాలుగు రోజులు ఆకురాయి పెట్టి రాకాను, సుత్తితో బతిమాలాను. ఇనుము అంతగా వద్దు వద్దని మొత్తుకుంటుంటే తెలివైనవాడు ఆగి ఆలోచిస్తాడు. నేను ఇంకా పెద్ద సుత్తి తెచ్చాను.

బిగించిన రోజు జీపును నాలుగు మూలలా ఇటుకల మీదికి ఎత్తి, ఇంజను వేసి, ముందు చక్రాలను కలిపే చిన్న రాడ్డు లాగాను. నాలుగు చక్రాలూ గిర్రున తిరిగాయి. వాడకట్టంతా చప్పట్లు కొట్టింది. మా ఇంటిది గడపలో నిలబడి బియ్యం చెరుగుతూ, "ఏమయ్యా, ముందటి గిర్రలు ఎనుకకు తిరుగుతున్నయి సూడు" అన్నది. నేను దిగనైనా లేదు. సినిమాలో గుర్రబ్బండి చక్రాలు కూడా వెనక్కు తిరుగుతున్నట్టే కనబడతాయని, అది చక్రం తప్పు కాదు, కంటి తప్పని, దాన్ని దృష్టిభ్రమ అంటారని పదిమందిలో విడమరిచి చెప్పాను. (ఆ మాట నేను ఒక పొట్లం కాగితం మీద చదివాను.) ఆమె చాట దించి ఒక క్షణం నన్ను, ఒక క్షణం చక్రాలను చూసి లోపలికి పోయింది.

శ్రావణంలో వచ్చే నూలు పున్నమికి మా సమాజం ఊరేగింపు తీస్తుంది. మార్కండేయుడి పటం ముందు, దాని వెనక బండి మీద ఒక చేతిమగ్గం. ఊరేగింపు కదిలినప్పుడు నేత మొదలుపెట్టి, సమాజం భవనం చేరేసరికి దేవుడి కండువా పూర్తిచేసి, మగ్గం మీదనుంచి కోసి పటానికి కప్పాలి. మధ్యలో ఆగిన గుడ్డ కప్పకూడదు. ఆ ఏడు నేసే వంతు మా మామది. బండిని ఎప్పుడూ ఎడ్లు లాగేవి. ఆ ఏడు మీటింగులో మామ లేచి నిలబడి, అందరూ వినేటట్టు చెప్పాడు. "ఈసారి ఎడ్లు వద్దు. మా అల్లుని జీపు గుంజుతది. భవనం కాడికి చేరితే జీపు వాకిట్ల ఉంటది. చేరకపోతే తెల్లారి మోటాభాయి తీస్కపోతడు. నా బిడ్డ మనిషి లెక్క నిలువుగ ఇంట్లకు పోతది." అది నాకు గౌరవం ఇవ్వడం కాదు, జీపును వదిలించుకోవడానికి వేసిన ఎత్తని తెలుసు. అయినా సరేనన్నాను. కోపం వస్తే నేను దేనికైనా సరేనంటాను.

పున్నమి నాడు ముసురు. జీపు వెనక ట్రాలీ, దాని మీద మగ్గం, మగ్గంలో మామ. ముందర తెల్లటి పంచెల్లో పెద్దలు, డప్పులు. పక్కన కలశాలెత్తుకున్న ఆడవాళ్ళు, వాళ్ళల్లో మా ఇంటిది. రోడ్డు పక్కన గొడుగు కింద మోటాభాయి, తనకు రాబోయే ఇనుమును సాగనంపుతున్నట్టు మా వెంటే నడుస్తున్నాడు. జీపు మొదటి గేరులో కూడా ఎడ్ల కంటే జోరుగా పోయింది. నాకు కాలు ఆగలేదు. డప్పులవాళ్ళు పరుగందుకున్నారు. వెనకనుంచి మామ, "జర నిమ్మళంగ పోనియ్యరాదు" అని రెండుసార్లు అరిచాడు. పొగడ్త అనుకుని చేయి ఊపాను.

రైలు పట్టాల కింది దారిని అక్కడ గరనాళా అంటారు. వానొస్తే అది వాగు. దిగడం దిగాం. ఎక్కేచోట వెనక చక్రాలు బురదలో తిరిగాయి గాని బండి కదల్లేదు. జనం గుసగుసలాడారు. నేను సీట్లో లేచి నిలబడి, ఈ బండికి నాలుగు చక్రాలకూ ప్రాణం ఉందని, కాస్త తప్పుకుని చూడమని ప్రకటించి, చిన్న రాడ్డు లాగి కాలు అదిమాను.

జీపు ముందుకు పోలేదు, వెనక్కూ రాలేదు. ఉన్నచోటనే నిలబడి జ్వరం వచ్చిన మనిషిలా గజగజ వణికింది. వెనక చక్రాలు బురదను వెనక్కు కొట్టాయి. ముందు చక్రాలు బురదను ముందుకు కొట్టాయి. పెద్దల తెల్లపంచెలన్నీ వీపువైపు నల్లబడ్డాయి. నేను ఆ మరకలను చూస్తూ ఉండిపోయాను. ముందుకు పోయే చక్రం బురదను వెనక్కి కదా చిమ్మాలి. తల తిప్పితే కలశం కింద మా ఇంటిదాని ముఖం కనబడింది. ఆమె చూపు ముందు చక్రాల మీదే ఉంది. ఆ బురదలో నిలబడే నాకు అర్థమైంది. మగ్గాలు ఎదురెదురుగా నిలబడి నేస్తాయిగాని ఎక్కడికీ పోవు. జీపు పోవాలి. ఆ మిలటరీవాడు సరిగ్గానే బిగించాడు. (తప్పంతా నాదేనని ఇప్పటికీ ఒప్పుకోను. ఆ ఇరుసు మీద ఒక బాణం గుర్తు వేసి ఉంటే వాళ్ళ సొమ్మేం పోయేది?)

కాలు అదిమినకొద్దీ బండి లోతుకు దిగింది. చివరికి ఇరుసుదాకా కూరుకుపోయి ఆగింది. మోటాభాయి గొడుగు మడిచి, బయటకు లాగే ఖర్చు తూకంలోంచి తగ్గిస్తానన్నాడు. పిల్లలు తాళ్ళకోసం, చెక్కలకోసం పరుగెత్తారు. నేను మామ తిట్లకోసం వీపు సిద్ధం చేసుకున్నాను. తిట్లు రాలేదు. వాన చప్పుడులో వెనకనుంచి మగ్గం చప్పుడు మాత్రం వస్తూనే ఉంది. మామ తల ఎత్తకుండా నేస్తున్నాడు. తాళ్ళు వచ్చాయి, నేస్తున్నాడు. చెక్కలు వేశారు, నేస్తున్నాడు. రాడ్డు మళ్ళీ వెనక్కు తోసి, సగం ఇంజను, సగం జనం కలిసి జీపును పైకి తెచ్చి, భవనం దాకా అట్లాగే తోసుకుపోయారు.

మెట్ల దగ్గర మామ మగ్గం మీదనుంచి కండువా కోశాడు. అంచు నుంచి అంచు దాకా పూర్తయిన కండువా. మోటాభాయి దగ్గరికొచ్చి, బండి మనుషుల చేతుల మీద చేరిందిగాని తనంతట తాను చేరలేదని, కాబట్టి అది తనదేనని వాదన పెట్టాడు. మామ కండువాను పటానికి కప్పి, అందరివైపూ తిరిగాడు.

"నా చేతులు మొద్దువారినయి. ఇరవై ఏండ్లాయె నాడె పట్టక. అల్లుడు గుంజుకపోయిన తీరుకు భవనం కాడికొచ్చెటాల్లకు సగం బట్ట గూడ కాకపోతుండె. దేవుని ముంగట నా ఇజ్జత్ పోతుండె. మరి దేవుడు ఏం జేసిండు? ఆయిననే బండి ముంగటి గిర్రలు పట్టుకొని ఆపిండు. మీరు సూడలేదా, అది ఎట్ల వణికిందో."

అందరూ చూశారు. పంచెలు పాడైనవాళ్ళు కూడా దండం పెట్టారు. నాకు నోటిదాకా వచ్చింది, దేవుడు పట్టుకోలేదు, నేనే పళ్ళచక్రం తిప్పి బిగించానని. ఆ మాట అనేస్తే నిజం నిలబడుతుంది, జీపు పోతుంది, మామ ముఖం చిన్నబోతుంది. జీవితంలో మొదటిసారి ఒకటి తెలిసీ విప్పకుండా ఊరుకున్నాను. మామ నా భుజం మీద చేయి వేసి తీర్పు చెప్పాడు. "బండి వాకిట్లనే ఉంటది. కాని ముందటి ఇరుసు ఇప్పొద్దు అల్లుడా. అది దేవుడు పట్టిన జాగ."

జీపు దక్కింది. కాని ఊరందరి స్క్రూలూ బిగించే మాస్టర్ తన సొంత బండిలో తప్పు ఎక్కడుందో తెలిసి, దాని మీద చేయి వెయ్యకూడదు. ఇంతకంటే నరకం ఇంకోటుందని నేను అనుకోను. పనిలో ఉంటే చేతులకు అదే గుర్తు, తింటుంటే అదే గుర్తు. నూనె మారుస్తానని ఒకసారి పానా తీస్తే మామ వచ్చి, నేను మూత బిగించేదాకా పక్కనే మంచం వేసుకుని కూర్చున్నాడు. ప్రతి నూలు పున్నమికీ గరనాళా దగ్గర బండి ఆపి, చిన్న రాడ్డు లాగి కాసేపు వణికించాలని కొత్తగా ఒక ఆచారం కూడా పుట్టింది. వణికినప్పుడల్లా జనం కొబ్బరికాయలు కొట్టేవారు, పెద్దలు మాత్రం తెలివిగా పక్కకు జరిగేవారు.

మామ పోయి చాలా ఏళ్ళయింది. జీపు ఇప్పటికీ వాకిట్లోనే ఉంది. వద్దనే మనిషి లేడు. పోయిన నెల ముసురు పట్టినప్పుడు, జీపును మళ్ళీ నాలుగు మూలలా ఇటుకల మీదికి ఎత్తి, పానా పక్కన పెట్టుకుని, ఇంజను వేసి రాడ్డు లాగాను. విప్పేముందు ఒకసారి ఖాయం చేసుకుందామని, గడపలో కూర్చుని చాయ్ తాగుతున్న మా ఇంటిదాన్ని చక్రాలు ఎటు తిరుగుతున్నాయో చూసి చెప్పమన్నాను. ఆమె గ్లాసు దించలేదు.

"నాకేం ఎర్కనయ్యా. సినిమాల గుర్రబ్బండి గిర్రలు గూడ గట్లనే కనబడ్తయంటివి గదా."

ఇంజను ఆపి, పానా తుడిచి లోపల పెట్టాను. ఆమె తన గ్లాసులోంచి సగం చాయ్ నాకు వంచింది.