మూల లేని కోట బొమ్మ

ముందు తెడ్డు చప్పుడు వినిపించింది. గిన్నె అంచుకు తగిలి ఆగుతూ, మళ్లీ మొదలవుతూ. మడివాళలోని ఆ ఆడపిల్లల పీజీ హాస్టల్లో మధ్యాహ్నం మూడంతస్తులూ ఖాళీగా ఉంటాయి. రాత్రి డ్యూటీ చేసి వచ్చి నిద్రపట్టని నర్సు జ్యోత్స్న, ఆ చప్పుడు పట్టుకుని వంటింట్లోకి దిగింది. పీజీలో వంటచేసే నంజమ్మ, పిల్లలందరికీ చపాతీలు చేసిపెట్టాక, తన ఒక్కదానికి సంగటి కెలుక్కుంటోంది. డెబ్బై ఏళ్ల మనిషి. చెవి రంధ్రాల్లో ఇప్పటికీ వేపపుల్లలే.

"చావు కబుర్లు చెప్పే ఉద్యోగం కదమ్మా నీది. ఇది సదివి చెప్పు."

"నేనేమన్నా యముడి పీఏనా అవ్వా!" అని జ్యోత్స్న నవ్వింది.

నంజమ్మ నవ్వలేదు. రాగిపిండి డబ్బా వెనకనుంచి పాత బొమ్మ కార్డొకటి తీసి, కొంగుతో తుడిచి ఇచ్చింది.

నీళ్ల మధ్య కోట. గోడలు సముద్రంలోంచే మొలిచినట్టున్నాయి. రంగులు వెలిసి అలలు పాలలా తెల్లబడ్డాయి. కింద జంజీరా అని అచ్చు. కుడివైపు పైమూల లేదు.

నలభై అయిదేళ్ల కిందట మడకశిర దగ్గర నంజమ్మ వాళ్ల పల్లెకు వచ్చిందది. నంజమ్మ కమ్మలు ఎత్తుకుని పారిపోయిన తమ్ముడు ఓబులేష్ తప్ప, సముద్రం దిక్కున ఆమెకు ఇంకెవరూ లేరు. మూల చింపిన కార్డంటే వాళ్ల వైపు చావు కబురే. చదివించుకుని, గడప బయటే చించేయాలి. నంజమ్మ తలమీద నీళ్లు పోసుకుంది గానీ, ఎవరిచేతా చదివించలేదు. చదివితే చావు ఖాయమైపోతుంది. చించనూ లేదు. ఆ గోడల వెనక తమ్ముడింకా ఊపిరి తీస్తున్నట్టే ఉండేది. ఈమధ్య చూపు తగ్గి కంటికి కోట ఆనడం లేదు; అందుకే ఇవాళ కార్డు బయటికి తీసింది.

జ్యోత్స్న మూలను వేలితో తడిమింది. "ఇది చింపింది కాదవ్వా. మడతపడి ఊడిపోయింది." కార్డు తిప్పి చదివింది.

"అక్కా, బాగుండాను. జనాన్ని పడవలో ఈ కోటకు దాటిస్తా ఉండాను. నీకు కమ్మలు కొనిపెట్టినా. కోపం పోయింటే ఒక జాబు రాయి, వచ్చేస్తా. జాబు రాకుంటే, పోలేదనుకుంటా."

అడుగున ఒక టీ అంగడి చిరునామా.

తెడ్డు ఆగిపోయింది. సంగటి అడుగంటి మాడు వాసన లేచింది.

"ఎన్ని దినాలు చూసుంటాడో" అంది నంజమ్మ, గిన్నెతో చెబుతున్నట్టు. స్టవ్ కట్టేసి, చెవిలో పుల్లను తడుముకుంది.

"రేపు పోస్టాఫీసు కాడ ఆగి ఒక కార్డు తెచ్చియ్యమ్మా. నాలుగు మూలలూ ఉండాయా లేదా చూసి తే."