వెనక పంకాల విమానం

మొన్న ఆదివారం టీవీలో మొదటి ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ బాంబర్ విమానాన్ని చూపించారు. రెండంతస్తుల గుడ్డ రెక్కలు, వాటి మధ్య రెండు ఇంజన్లు, ఇంజన్ల వెనక చెక్క పంకాలు. "అదేంటండీ, పంకాలు వెనక్కి పెట్టారు?" అంది మా ఆవిడ. నేను రిమోట్ అందుకుని ఛానెల్ మార్చేశాను. సుమారు ఇరవై ఏళ్ల కిందట దుబాయ్‌లో అదే ప్రశ్న వేసి, ఒక మనిషికి అన్యాయం చేశాను.

అప్పుడు నేను ఎగ్జిబిషన్లకు సెట్టింగులు కట్టే కంపెనీలో సూపర్‌వైజర్‌ని. అల్ వర్సాన్‌లో మా గోడౌన్. అక్కడి కూలర్ చల్లగాలి మాటెలా ఉన్నా, చెక్కపొట్టును మాత్రం తప్పకుండా తెచ్చి నా టీ కప్పులో పోసేది. ఒక జర్మన్ పెద్దాయన ఆ విమానానికి సగం సైజు నమూనా చేయించమన్నాడు. దాన్ని చేసింది జగిత్యాల వైపు వడ్రంగి మేస్త్రి. ఇంగ్లీషు అక్షరం రాకపోయినా, డ్రాయింగు చూస్తే చాలు, ఏ బద్ద ఎక్కడ వంగాలో ఆయనకు తెలిసిపోయేది. ఆ పని అవగానే లీవు మీద ఇంటికి వెళ్లాలి. ఆయన దుబాయ్ వచ్చాక పుట్టిన కూతురికి వచ్చే నెల ఏడాది నిండుతుంది. టికెట్టు కూడా వచ్చేసింది. "నన్ను జూసి ఏడుస్తదో, నవ్వుతదో సారూ" అని రోజుకోసారైనా అనేవాడు.

పంకాలు బిగించే రోజున నేను వెళ్లి చూస్తే, అవి తోకవైపు ఉన్నాయి. "కాయితంల గట్లనే ఉన్నది సారూ" అన్నాడు. నేను కాగితం కేసి చూడనైనా లేదు. "విమానానికి పంకా వెనకాల ఎక్కడైనా ఉంటుందా మేస్త్రీ? ఇంజనీరింగ్ చదివినవాణ్ణి చెబుతున్నా, ముందుకి తిప్పు" అన్నాను. పాపం, అంత కష్టపడి అమర్చిన ఇంజన్ దిమ్మెలు కోసి తిప్పాడు. వారం తర్వాత జర్మన్ పెద్దాయన వచ్చి చూసి తల పట్టుకున్నాడు. మా ముదీర్, అదే మేనేజరు, ముఖం కందిపోయింది. "యే కిస్‌నే కియా?" అని అరిచాడు. మేస్త్రి నావైపు ఒక్కసారి చూశాడు. అప్పుడు మాత్రం నేను డ్రాయింగు కేసి చాలా శ్రద్ధగా చూస్తున్నాను. "మైనే కియా సాబ్" అన్నాడు మేస్త్రి. "ఖలాస్! ఛుట్టీ కాన్సిల్" అన్నాడు ముదీర్.

పంకాలు మళ్లీ వెనక్కి వెళ్లేసరికి ఎగ్జిబిషన్ల సీజన్ మొదలైంది. ఇక నాలుగు నెలల దాకా ఆయన్ను వదల్లేదు. ముదీర్ గది నా టేబుల్‌కి పది అడుగుల దూరం. రోజూ లేచేవాణ్ణి, మళ్లీ కూర్చునేవాణ్ణి. చివరికి ఆయన బయల్దేరిన రోజు, ఎయిర్‌పోర్టులో దింపుతూ ఏదో చెప్పబోయాను. "ఊకోండ్రి సారూ. మీకు ఈడ ఇల్లున్నది, పిల్లల బడి ఉన్నది. నౌకరి పోతే ఆగమైతుంటిరి. నాదేముంది, లీవే గద" అన్నాడు. తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను, అయినా క్షమించమని నోరు తెరిచి అడగలేదు.

లీవే కదా అని నేనూ చాలాకాలం సర్ది చెప్పుకున్నాను. ఈమధ్య మా అమ్మాయి కూతురు మా దగ్గరే పెరిగింది. ఏడాది నిండేనాటికి గోడ పట్టుకుని నిలబడేది. మరో నాలుగు నెలలకు "తాతా" అంటూ వీధి గుమ్మం దాకా పరిగెత్తుకొచ్చింది. ఆ పిల్లను ఎత్తుకున్నప్పుడు తెలిసింది, ఆ మనిషి దగ్గర నేను తీసేసుకున్న కాలం ఎంత పెద్దదో.