చెడ్డ కోడలి కథకు ఊ కొట్టింది ఎవరు

మా పెద్దమ్మ మంచివాళ్ల కథలు చెప్పేది కాదు. "మంచోళ్ల కథ జెప్తే నిద్రొస్తది, నాడె తప్పుతది" అనేది. నాడె అంటే మగ్గం మీద అడ్డపోగును అటూ ఇటూ తీసుకుపోయేది. గద్వాలలో మా ఇంటి గుంట మగ్గం మీద, గుంటలోకి కాళ్లు దించి, మేమిద్దరం పక్కపక్కన కూర్చుని నేసేవాళ్లం. రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయి ఉంటుంది. నేను ఇంటర్ తప్పి ఇంట్లో కూలబడ్డ రోజులు.

ఆమె కథలో చెడ్డ కోడలిని నేనే. "ఒక ఊర్ల ఒక కోడలుండె" అని మొదలుపెట్టదు. "నువ్వొక కోడలివి. నీ అత్తను సంపాలె" అంటుంది. ఆ తర్వాత రెండు దారులు చూపించి ఒకటి ఎంచుకోమంటుంది. "అంబలిల ఉమ్మెత్త గింజలు కలుపుతవా, మెట్ల మీద ఆముదం పోస్తవా?" నేను ఆముదమంటే, దాని మీద జారి నడుం విరగ్గొట్టుకునేదాన్ని నేనే. ఉమ్మెత్త అంటే, ఆ అంబలి తాగి మా బర్రె చచ్చేది. అత్త శోకాలు పెట్టి నా పుట్టింటి నుంచి ఇంకో బర్రెను తెప్పించేది. ముసలిది మాత్రం చచ్చేది కాదు. నవ్వలేక మా కడుపులు నొప్పి పుట్టేవి. ఏది ఎంచుకున్నా చివర ఊ కొట్టాలి. ఊ కొట్టకపోతే కథ ముందుకు నడవదు, ఇది మా ఇళ్లలో పసిపిల్లలకు కూడా తెలుసు.

వసారాలో మా అవ్వ రాట్నం ముందు కూర్చుని నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టేది. అవ్వంటే మా నాన్న తల్లి, పెద్దమ్మకు అసలు అత్త. ఆమెకు చెవుడని మా ధైర్యం.

ఆ ఎండాకాలం అవ్వ బొటనవేలికి రాయి తగిలింది. షుగరున్న మనిషి. పుండు మానలేదు సరికదా, వేలు నల్లబడటం మొదలైంది. కట్టు కట్టే డాక్టరు వనపర్తి పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. ఆలస్యం చేస్తే కాలు పోతుందని, ప్రాణం మీదికే రావచ్చని చెప్పాడు. పెదనాన్న చీరల మూటతో హైదరాబాదు పోయి ఉన్నాడు. మగ్గం మీద ఒక పెళ్లివాళ్ల చీర ఉంది.

"మగ్గం మీంచి చీర కోసినంక పోదాం" అంది పెద్దమ్మ.

నాకు ఒళ్లు మండింది. "అవ్వ కాలు కంటె చీర ఎక్కువనా?" అన్నాను.

"నీకేం తెల్వదు. మాటిచ్చిన. నెయ్యి."

మరునాడు పొద్దున అవ్వ కట్టులోంచి వాసన వచ్చింది. పెద్దమ్మ కట్టు మార్చి, చేతులు కడుక్కుని, మగ్గంలోకి దిగి కథ ఎత్తుకుంది.

"నీ అత్త కాలికి పుండైంది. ఈసారి నువ్వేం కలపొద్దు, ఏం పొయ్యొద్దు. దవాఖానకు తోల్కపోతవా, రేపు జూద్దామంటవా?"

నాకు నవ్వు రాలేదు. ఆమె ముఖం చూశాను. అంచు మీది నుంచి కళ్లు ఎత్తడం లేదు. ఆ ప్రశ్న నన్ను అడుగుతున్నది కాదని అర్థమైంది.

"దవాఖాన" అన్నాను.

"చెడ్డ కోడలు గట్ల జేస్తదా? నువ్వు రేపంటవు. రేపొస్తె మల్ల రేపంటవు. నీ మీద ఎవ్వరు మాట పెట్టరు, పనుండె పాపం అంటరు. ఊ గొట్టు."

నేను కొట్టలేదు. పళ్లు బిగబట్టి కూర్చున్నాను. నేను ఊ అంటే అవ్వ చచ్చిపోతుందని నిజంగానే నమ్మాను. పెద్దమ్మ చెయ్యి నాడె మీదే ఆగిపోయింది.

"ఊ" అని వినిపించింది, వసారాలోంచి.

రాట్నం ఆగి ఉంది. అవ్వ మా వైపే చూస్తోంది. "ఆపినవేందే? జెప్పు. ముసల్ది ఈసారన్న సస్తదా?"

పెద్దమ్మ వసారా వైపు తిరిగింది. "అత్తా, నీకు ఇనపడ్తదా?" అంది.

"అన్ని ఇన్న. బర్రె సచ్చిందె జర బాధైంది."

పెద్దమ్మ గుంటలోంచి ఎంత విసురుగా లేచిందంటే, అంచు పోగులు గుత్తిగా తెగిపోయాయి. వాటి వైపు చూడనైనా లేదు. చెరో రెక్క పట్టుకుని అవ్వను రిక్షా ఎక్కించాం. దొరికిన బస్సుకే వనపర్తి చేరాం.

ప్రాణం నిలిచింది. పాదం పోయింది. ముందే తెచ్చి ఉంటే వేలుతో పోయేదని పెద్దమ్మ ముఖం మీదే చెప్పాడు డాక్టరు.

అవ్వ ఇంటికొచ్చాక చూడవచ్చిన ప్రతి మనిషితోనూ ఒకటే మాట. "మా కోడలు బంగారం. పెండ్లి చీర ఇడిసిపెట్టి నన్ను దవాఖానకు తోల్కపోయింది. లేకుంటె నేనేడుందు?" వాళ్లు పెద్దమ్మను మెచ్చుకుని, ఇలాంటి కోడలు ఉండాలని తమ కోడళ్లను సాధించేవాళ్లు. పెద్దమ్మ తల ఎత్తేది కాదు.

ఇంట్లో ఎవరూ లేరనుకుని ఆమె అవ్వ మంచం పక్కన కూలబడటం ఒకసారి నేను చూశాను. "అత్తా, నీ కాళ్లు మొక్కుత, ఒక్కసారి నన్ను తిట్టు" అని ఏడుస్తోంది.

అవ్వ ఆమె తల నిమిరింది. ఎందుకు తిడ్తనే, నువ్వు బంగారం అంది. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఒక్కసారి కూడా తిట్టలేదు.