మృగశిర దాకా ఆగిన మొక్కజొన్న

జర్మనీలో బ్యోబ్లింగెన్ దాటాక రైలు తలుపు తెరుచుకుంది. పొలాలకు కొత్తగా చల్లిన పేడనీళ్ళ వాసన గుప్పున లోపలికొచ్చింది. పెట్టెలో ఉన్న ఐటీ బాబులందరూ ముక్కులు మూసుకుంటే నేనొక్కణ్ణే గుండెనిండా పీల్చాను. నా బుర్రలో ఉన్నది అచ్చంగా ఇదేనని ఎనిమిదో తరగతిలో మా లెక్కల సారు బల్ల గుద్ది చెప్పారు. ఆ ఏడే బడి మానేశాను కాబట్టి, ఆయన మాట తప్పని నిరూపించే అవకాశం నాకు మళ్ళీ రాలేదు. అయినా ఆ వాసనకు గుర్తొచ్చింది ఆయన కాదు, సుగుణ మేడం.

మీరెవరూ ఆమెను చూసి ఉండరు. కరీంనగర్ దిక్కు మనిషి. వ్యవసాయం చదవడానికి జర్మనీ వచ్చి ఇక్కడే ఉండిపోయారు. తెలంగాణలో ఒక వ్యవసాయ విస్తరణ శిక్షణ కళాశాల పెట్టాలని, అంటే ఊరూరా తిరిగి రైతులకు కొత్త సాగు నేర్పే అధికారులను తయారుచేసే కాలేజీ పెట్టాలని, ఇక్కడి ఒక సహాయ సంస్థ వెంటపడి ఒప్పించింది ఆమే. మొదటి విడతగా, రేపు ఆ కాలేజీలో పాఠాలు చెప్పబోయేవాళ్ళను కైసర్స్‌లౌటర్న్ పక్కన ఒక పల్లెకు రప్పించి తర్ఫీదు ఇచ్చారు. అది నచ్చితే మలివిడతలో అక్కడ తరగతి గదులూ హాస్టలూ కట్టించాలని ఒప్పందం. ఆ వచ్చినవాళ్ళకు వండిపెట్టే మనిషి కావలసొచ్చాడు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో నేను వంట చేస్తున్న హోటలు అప్పుడే మూతపడింది. కారణం నా వంటేనని కొందరు అంటారు, నమ్మకండి.

"ఎంతదాక చదివినవ్?" అని అడిగారు మేడం.

"బడి గేటు దాక మేడం. లోపలికి గూడ పోయిన, వాళ్ళే బయటికి తెచ్చి వదిలిపెట్టిన్రు."

ఆమె నవ్వలేదు. "వంట పాడైతే ఏం జేస్తవ్?"

"ఎవరికీ కనపడకుండ పారబోసి, ఇంకోటి వండుత."

"ఇక్కడ కనపడేటట్టు పెట్టాలె."

అదేదో మాటవరసకు అన్నారనుకున్నాను. మొదటి వారంలోనే పప్పుచారు అడుగంటింది. మాడిన గిన్నెను భోజనాల బల్ల నడిమధ్య పెట్టించి, ఎట్లా మాడిందో అందరికీ చెప్పమన్నారు. "ఫోన్ల వీడియోలు చూసుకుంట నిలబడ్డ" అన్నాను. విరగబడి నవ్వారు. చెవులు కాలాయి. కానీ వింతేమిటంటే, ఆ మర్నాటి నుంచి వాళ్ళు కూడా తమ తమ మాడిన గిన్నెల సంగతులు నాకు చెప్పడం మొదలుపెట్టారు.

మేమున్న హాస్టలు ముందు, రోడ్డు పక్కనే ఒక పొలం చెక్క ఉండేది. దాన్ని రెండు సగాలు చేసి, ఒక సగం ఆ జర్మన్ ఊరి రైతులు చెప్పినట్టు మే మొదట్లోనే, ఇంకో సగం మనవాళ్ళ ఇష్టం ప్రకారం మొక్కజొన్న వేయాలి. వచ్చినవాళ్ళలో పెద్దవాడు ప్రభాకర్ సారు. ఆయన చేతిలో ఎప్పుడూ పంచాంగం ఉండేది. "భరణి కార్తెల ఇత్తనం ఏంది మేడం? మృగశిర రానీయండి. తొలకరి పడ్డంకనే ఇత్తుదాం" అన్నారు. జర్మనీలో డాక్టరుకైనా క్షవరానికైనా టెర్మిన్, అంటే ముందే తీసుకున్న అపాయింట్‌మెంటు, కావాలి. టెర్మిన్ లేకుండా వచ్చేది వానొక్కటే. అలాంటిచోట, కిటికీ అవతల వాన కురుస్తుంటే, మా సార్లు కాఫీలు తాగుతూ తొలకరి కోసం ఎదురుచూశారు.

"మీకు తెలిసి గూడ ఎందుకు ఊకున్నరు మేడం?" అని అడిగాను.

"రైతులు మొండోళ్ళు, చెప్తే వినరని మన సార్లే పొద్దుగాల పాఠం రాసుకున్నరు గదా. ఈ సార్ల మొండితనం ఎంత ఎత్తు పెరుగుతదో చూడనీ."

పెరిగింది, నడుము దాకా. పక్కనున్న రైతుల సగం మనిషెత్తు దాటి పూతకొచ్చింది. సరిగ్గా అప్పుడే ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి సంస్థ అధికారి చూడటానికి వస్తున్నాడని కబురొచ్చింది. ప్రభాకర్ సారు ముఖం వాడిపోయింది. "మేడం, ఆ సగం దున్నేద్దాం. ఉత్త నేలను ఎవరు అడుగుతరు?"

"దున్నుడు లేదు, దాచుడు లేదు. ఆయన వస్తే ఎట్లయిందో నువ్వే చెప్పు."

అధికారి వచ్చాడు. నా గారెలు మెచ్చుకుంటూ చేను దగ్గరికి నడిచాడు. ప్రభాకర్ సారు తాను ఎందుకు ఆగారో, ఏం పోగొట్టుకున్నారో చెప్పారు. అధికారి ఓపిగ్గానే విన్నాడు. తర్వాత కెమెరా తీసి, అందరినీ ఎత్తుగా ఉన్న సగం వైపు నిలబడమన్నాడు. "పైవాళ్ళకు చూపించాలి. ఆ పొట్టిది ఫోటోలో పడకూడదు."

"రెండు సగాలూ పడాలి. లేకపోతే ఫోటో వద్దు" అన్నారు మేడం.

"ఇది చూపిస్తే మలివిడత ఇప్పించడం నా వల్ల కాదు."

"మీ సహాయం మాకు కావాలి. అడగడానికి నాకు సిగ్గు లేదు. కానీ పండింది మాత్రమే చూపించే పంతుళ్ళను తయారుచేయడానికైతే వద్దు. అలాంటివాళ్ళు మా దగ్గర ఇప్పటికే కావలసినంతమంది ఉన్నారు."

ఎవరూ నిలబడలేదు. ఫోటో తీయలేదు. మలివిడత రాలేదు.

మేడం ఉన్నదంతా సర్దుకుని కరీంనగర్ వెళ్ళిపోయారు. కాలేజీ ఒక ఫంక్షన్ హాల్లో మొదలైంది. పెళ్ళిళ్ళ రోజుల్లో సెలవు, మూఢం వస్తే పొద్దస్తమానం పాఠాలు. నిరుడు ఆమె పోయారు. కాలేజీ మాత్రం ఆగలేదు, ఇప్పుడు ప్రభాకర్ సారే ప్రిన్సిపాలు. ఇక్కడ నేను ఒక ఆఫీసు క్యాంటీన్లో వండుతున్నాను. చలికి పిండి పులియక ఇడ్లీలు రాళ్ళయితే, రాళ్ళయ్యాయని చెప్పే పెడతాను. దాచమని మేనేజరు అంటే, దాచేవాణ్ణి ఇంకొకణ్ణి వెతుక్కోమన్నాను. వెతుక్కుంటున్నాడు, ఇంకా దొరకలేదు.

మొన్న ప్రభాకర్ సారుకు ఫోన్ చేశాను. వెనకనుంచి బ్యాండుమేళం వినిపిస్తోంది. ఊరుకునే నోరు కాదు కదా నాది, "ఆనాడు ఒక్క ఫోటోకు పళ్ళికిలించి నిలబడి ఉంటే ఇయ్యాల సొంత హాస్టల్ ఉండేది గదా సారూ!" అన్నాను.

"ఉండేది నర్సింగన్నా. అండ్ల పండుకునేటోళ్ళందరికి, పంట పోతే దున్ని దాచిపెట్టుమని నేనే పాఠం చెప్తుండేటోణ్ణి."