నకిలీ నట్టల మందు

తెలంగాణ వచ్చిన రెండు మూడేండ్లకు జరిగిన ముచ్చట ఇది. దేవరకొండల మా బాపుకు పశువుల మందుల దుకాణం ఉండె. నేను డిగ్రీ చదువుకుంట పొద్దుమీకి దుకాణంల కూసునేదాన్ని.

ఆ యేడు వానలు మంచిగ పడ్డయి. పచ్చగడ్డి తిని గొర్ల కడుపులల్ల నట్ట పురుగులు పడ్డయి, నట్టల మందుకు గిరాకీ పెరిగింది. మేమెప్పుడూ అమ్మే మందే, గదే సీసా, గదే బొమ్మ, హైదరాబాదు నుంచి కొత్త ఏజెంటు తెచ్చిండు. బాపు తీసుకున్నడు.

పక్క ఊరి గొర్ల కాపరి ఒకాయన, బాపు కన్న పెద్దోడు, ఆ మందు కొనుక్కపోయిండు. పది దినాలకు మళ్ళొచ్చి దుకాణం మెట్ల మీద కూలబడ్డడు.

"సేటూ, ఒక మాట అడుగుత, కోపం చెయ్యకు. గొర్రెకు మందు ఎంత పొయ్యాలె?"

బాపు చెప్పిండు.

"గంతే పోసిన. మా ముసల్ది తక్కువ పోసినవంటది. సదువు రాకపాయె, యాడ తప్పు చేసిన్నో. దవడల కింద నీరు దిగి తొమ్మిది గొర్లు సచ్చినయ్. ఇంకా పడిపోతున్నయ్."

కొట్లాటకు రాలేదాయన. తన తప్పేందో తెలుసుకుందామని వచ్చిండు.

బాపు లోపటికి పోయి, పాత సరుకుల మిగిలిన సీసా ఒకటి, కొత్తది ఒకటి తెచ్చి రెండు గాజు గ్లాసులల్ల పోసిండు. పాతది చిక్కగ గ్లాసుకు పట్టుకున్నది. కొత్తది పాలగిన్నె కడిగిన నీళ్ళ లెక్క జారింది. బాపు నోరు మూసుకుంటే ఆ తాత తప్పు తనదే అనుకోని ఇంటికి పోతడు. నిజం చెప్తున్న, నాకైతే బాపు మాట్లాడకుంటే బాగుండుననిపించింది.

"నీ తప్పు కాదు పెద్దయ్యా. నేనిచ్చిన మందే నకిలీది," అన్నడు బాపు.

అప్పుడే దుకాణం మూసి, పశువుల డాక్టరును, అసలు మందును తీసుకోని ఆ ఊరికి పోయినం. సాయానికి నేను గూడ పోయిన. సంగతి తెలిసి ఆ అవ్వ మమ్మల్ని ఒక్క మాట అనలే. మొగని దిక్కు తిరిగింది.

"ఎనిమిది దినాల సంది నిన్నే తిడ్తున్న గదనయ్యా. బువ్వ గూడ సక్కగ పెట్టకపోతి," అని ఏడ్సింది.

"ఊకో. గా గొర్రె మూతి గట్టిగ పట్టుకో," అన్నడాయన. ఆ గొంతుల కోపం లేదు.

బాపే ఠాణకు పోయి కాయిదం రాసిచ్చిండు. ఏజెంటు ఫోను బందు, మనిషి దొరకలే. సరుకు మా తాన ఉన్నది గన్క మా దుకాణానికే తాళం పడ్డది. దొంగ మందులమ్మిండని బజార్ల అన్నోళ్ళు గూడ ఉన్నరు. కొన్నాళ్ళకు తెరిచినం గని పాత గిరాకీ రాలే.

తాత మందల సగం గూడ మిగలలే. మిగిలినయి అమ్ముకోని ముసలోళ్ళిద్దరూ షాద్‌నగర్ దిక్కు పోయిన్రు. ఆ తర్వాత నేను కొలువు కోసం ఆడికి పోయినప్పుడు, ఒక ఫ్యాక్టరీ గేటు కాడ ఖాకీ అంగీల ఆయనే కనబడ్డడు. ముందుగాల బాపు మంచిగున్నడా అని అడిగిండు.

"పని కష్టంగ ఉన్నదా తాతా?" అన్న.

"ఏం కష్టం బిడ్డా. గేటును కాసుడే గద. గొర్ల లెక్క గిది ఎవల చేన్లకూ పోదాయె," అని నవ్విండు.

ఎనుక రేకుల అర్రల నుంచి అవ్వ చాయ తెచ్చింది. ముగ్గురం ఆడనే నిలబడి తాగినం.