ఏడుపు సాబ్ నవ్విన రోజు

ఆ రోజుల్లో మనిషికి జ్ఞానం లేకపోయినా ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. అభిప్రాయం లేకపోతే మాత్రం మా శాలిబండలో తలెత్తుకు తిరగడం కష్టమయ్యేది. నాకు పంతొమ్మిదేళ్ళు. రైల్వే ఆఫీసులో కాయితాలకు నకళ్ళు రాసే కొలువు, మూతి మీద నాలుగు వెంట్రుకలు, బుర్ర నిండా అభిప్రాయాలు. అవన్నీ జాజ్ సంగీతం గురించే. (అది పుట్టిన దేశం పటంలో ఎక్కడుందో చూపమంటే బర్మా మీద వేలు పెట్టేవాణ్ణి.) యుద్ధం సాగుతున్న కాలం. సికింద్రాబాద్‌లో దిగిన తెల్ల సిపాయిలు బదిలీ మీద పోతూ వదిలేసిన గ్రామఫోన్ ప్లేట్లు జుమ్మేరాత్ బజార్‌లో తుప్పు తాళాల పక్కన, సొట్టల పాన్‌దాన్ల పక్కన అమ్మకానికి వచ్చేవి. వాటి మీది కాగితాలు ఊడిపోయి పేర్లు తెలిసేవి కావు కనుక వాయించినవాళ్ళకు నామకరణం మేమే చేసేవాళ్ళం.

మేమంటే నేనూ, లాల్‌దర్వాజా పాలన్నా. అతనికి పన్నెండు బర్రెలూ, చావి తిప్పితే పాడే ఒక గ్రామఫోనూ ఉండేవి. ఆదివారం మధ్యాహ్నం, పొద్దుటి పాలకూ సాయంత్రం పాలకూ నడుమ, తవుడు బస్తాలు పేర్చిన అర్రలో మా సభ జరిగేది. యుద్ధం పుణ్యమా అని ఉక్కు సూదులు దొరికేవి కావు. తుమ్మ ముల్లు చెక్కి సూదిగా పెట్టేవాళ్ళం. ముల్లు తొందరగా అరిగిపోతోందని, ప్లేటు తిరిగే చక్రం పక్కన వేగం మార్చే చిన్న స్క్రూను నెమ్మది వైపుకు నాలుగు చుట్లు తిప్పింది నేనే. పొదుపరితనానికి నన్ను నేనే మెచ్చుకుని, ఆ సంగతి శుభ్రంగా మరిచిపోయాను. ఈ జాజ్ ప్లేట్లు కొనడం మొదలుపెట్టింది ఆ తర్వాతే.

నా ప్లేటు మీద బాకా ఊదినాయనకు నేను పెట్టిన పేరు ఏడుపు సాబ్. లోకంలోని దుఃఖమంతా ఆయన బాకాలో ఉందని నా తీర్మానం. పెళ్ళాం పోయిందనీ, ఓడ మునిగిందనీ, మిగిలిన ఒక్క తమ్ముడూ మోసం చేశాడనీ ఆయన జీవితచరిత్ర కూడా తయారుచేశాను. పాలన్న ప్లేటు మీది మనిషి సన్నాయి సాబ్. నిజానికి అది సన్నాయి కాదు, ఏదో నల్లటి గొట్టమట. మాకు ఊదేదంతా సన్నాయే.

"నీ సాబ్ ఏడుస్తలేడు భాయ్, కడుపునొప్పితోని మూలుగుతున్నడు" అనేవాడు పాలన్న.

"గట్లయితే మీ అవ్వ ఎందుకేడుస్తున్నది?" అనేవాణ్ణి నేను.

అది నా బ్రహ్మాస్త్రం. పాలన్న నానమ్మ ప్రతి ఆదివారం గడప మీద కూర్చుని నా ప్లేటు వినేది. పాట సగానికి రాగానే కొంగు కళ్ళకు వెళ్ళేది. సన్నాయి సాబ్‌కు మాత్రం లేచి వెళ్ళి పేడ ఎత్తుకునేది.

రెండేళ్ళ లొల్లి చివరికి పందెం దాకా వచ్చింది. పెద్ద సాబ్ ఎవరో మలక్‌పేట బ్యాండ్ మామ తేల్చాలి. ఓడినవాడి ప్లేటును వేడినీళ్ళలో ముంచి, మెత్తబడగానే గిన్నెలా వంచి, దూడకు తవుడు పెట్టాలి. (విరిగిన ప్లేట్లతో అలా గిన్నెలు చేసుకునేవాళ్ళు. మంచి ప్లేటుతో చేయాలన్న మొనగాళ్ళం మేమిద్దరమే.) నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టలేదు. నా దగ్గర ఉన్నది ఆ ఒక్క ప్లేటే మరి.

బ్యాండ్ మామ పల్టన్ బ్యాండులో ముప్పై ఏళ్ళు బాకా ఊదిన మనిషి. వచ్చాడు, చాయ్ తాగాడు, నా ప్లేటు పెట్టమన్నాడు. నేను ఓడ మునిగిన దగ్గర్నుంచి కథ చెబుతున్నాను. ఆయన వింటూ వింటూ మొహం చిట్లించి, కాగితం ముక్క తడిపి ప్లేటు అంచుకు అంటించి, గడియారం చూస్తూ చుట్లు లెక్కపెట్టాడు.

"నిమిషానికి డెబ్బై ఎనిమిది చుట్లు తిరగాలె బిడ్డా. గిది అరవై గూడ దాటుతలేదు. గా స్క్రూ ఎవలు తిప్పిండ్రు?"

నాకు అప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చినట్టు మాత్రం కనబడకుండా తవుడు బస్తా వైపు చూశాను.

మామ స్క్రూ వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టాడు. ఏం చెప్పమంటారు! ఏడుపు సాబ్ బరాత్‌లో ముందు నడిచే పెళ్ళికొడుకు బావమరిదిలా గంతులేశాడు. పెళ్ళాం పోయినవాడు ఊదే ఊదుడు కాదది. "డాన్స్ పాట రా ఇది! సోల్జర్లు దీనికే ఎగురుతరు" అన్నాడు మామ. పాలన్న బస్తాల మీద పడి దొర్లాడు. సన్నాయి సాబ్‌ను వినాల్సిన పనే లేకపోయింది. రెండేళ్ళుగా నేను ఓదార్చిన మనిషి ఇంత హాయిగా ఉన్నాడంటే నాకు సిగ్గు కంటే కోపమే ఎక్కువ వచ్చింది.

పాలన్న పొయ్యి మీద నీళ్ళు పెట్టాడు. అవి సలసల కాగాయి. నా ప్లేటు అతని చేతిలో ఉంది. నేను మగాడిలా నిలబడదామనుకున్నాను కానీ కళ్ళు మాట వినలేదు.

ఎప్పటిలాగే గడప మీద కూర్చున్న అవ్వ లేచింది.

"ఏందిరా, ముంచుతవా? ఇగ పెట్టు, మొదటిలెక్కనే పెట్టు."

"అవ్వా, అది ఏడ్సే పాట గాదంట. మనమే తప్పు ఇన్నం" అన్నాడు పాలన్న.

"ఆయన నవ్వితే నాకేంది, ఎగిరితే నాకేంది? ఈ కొట్టంల పన్నెండు బర్రెలు, ఆరుగురు మనుమలు. మీ తాత పోయిన కాన్నుంచి నాకు ఏడ్వనీకి తీరిక దొరికింది ఈ ఐతారం ఒక్క గడియనే. స్క్రూ తిప్పు."

బ్యాండ్ మామే వంగి స్క్రూ తిప్పాడు. ఎవరం నవ్వలేదు. కాగిన నీళ్ళు బర్రెల కుడితిలోకి వెళ్ళిపోయాయి. నా ఉస్తాద్ హోదా కూడా వాటితోపాటే పోయింది. ఆ రోజు నుంచి లాల్‌దర్వాజాలో నా పేరు స్క్రూ భాయ్.

అవ్వ పోయిన నెల రోజులకు పాలన్న, ఆమె కోసం వాళ్ళింట్లోనే ఉంచిన ఆ ప్లేటు పాత దస్తీలో చుట్టి తెచ్చాడు. "నువ్వే ఉంచుకో భాయ్. ఇది ఇంట్ల ఉంటే బర్రెలు పాలిస్తలేవు" అని, నా మొహం చూడకుండా వెళ్ళిపోయాడు.

ఇప్పుడు నా నెత్తి మీద ఉన్నవి కూడా నాలుగు వెంట్రుకలే. ఇంట్లో ఎవరూ లేనప్పుడు, తర్వాతెప్పుడో కొనుక్కున్న గ్రామఫోన్ మీద ఆ ప్లేటు సరైన వేగంలో పెట్టి, పంతొమ్మిదేళ్ళ ఆ మేధావిని తలుచుకుని ఫక్కున నవ్వుతాను. తర్వాత తలుపు గడియ ఒకసారి చూసుకుని, స్క్రూను నెమ్మది వైపుకు నాలుగు చుట్లు తిప్పుతాను.